పాత లెన్సులకి ఫిల్టర్ ముందా, హుడ్ ముందా: గుణుపురం తమ్ముడి ప్రశ్నకి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. నాన్నగారి పెంటాక్స్ స్పాట్‌మాటిక్ ఫిల్మ్ కెమెరా, దానితో వచ్చిన సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్, ఒక హేలియోస్ 44-2 లెన్స్, పేరు చెరిగిపోయిన 135 ఎంఎం ఎఫ్/2.8, బిస్కెట్ డబ్బా నిండా రంగు ఫిల్టర్లు నీ చేతికి వచ్చాయన్నావు. అడాప్టర్ (పాత లెన్స్‌ని కొత్త కెమెరాకి కలిపే రింగు) పెట్టి ఏపీఎస్-సీ (ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్ కెమెరా మీద వాడుతున్నావు, అప్పుడప్పుడు స్పాట్‌మాటిక్‌లో బ్లాక్ అండ్ వైట్ రీలు కూడా వేస్తున్నావు. గోపాల్‌పూర్ బీచ్‌లో పొద్దున్నే తీసిన ఫొటోలన్నీ తెల్లగా పాలిపోయి వచ్చాయి. బరంపురంలో షాపతను మూడింటికీ యూవీ (అతినీలలోహిత కిరణాల్ని ఆపే) ఫిల్టర్లు పెట్టుకోమన్నాడు. పెట్టాలా, హుడ్ (లెన్స్ ముందు ఎండకి అడ్డంగా బిగించే గొట్టం) కొనాలా, డబ్బాలోవి పనికొస్తాయా, 135 మీద బిగుసుకుపోయిన ఫిల్టర్ ఎలా ఊడుతుంది అని నీ ప్రశ్నలు.

డబ్బు ముందు హుడ్ మీద పెట్టు. యూవీ ఫిల్టర్ ఒక్కటి చాలు, అది కూడా సముద్రం దగ్గరికి వెళ్ళే రోజుకి. పాలిపోవడానికి మందు యూవీ ఫిల్టర్ అని ఆ షాపతను అనుకుంటే అది పొరపాటు. ఎదురెండలో అది జబ్బుని ఇంకాస్త పెంచుతుంది.

కారణం చెప్తాను. కోటింగ్ లేని గాజు మీద పడ్డ వెలుగులో దాదాపు 4 శాతం ప్రతి ఉపరితలం దగ్గరా వెనక్కి తిరుగుతుంది. ఒక పొర కోటింగ్ వేస్తే అది సుమారు ఒకటిన్నర శాతానికి, మంచి మల్టీకోటింగ్ అయితే అర శాతం లోపుకి దిగుతుంది. జర్మనీ లెన్స్ కంపెనీ జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మాకులా 1935లో కోటింగ్ పద్ధతి కనిపెట్టాడు. పెంటాక్స్ వాళ్ళు సూపర్ మల్టీ కోటెడ్ టకుమార్లు తెచ్చింది 1971లో. నీ దాని మీద ఉత్త ‘సూపర్ టకుమార్’ అని ఉంది కాబట్టి అది అంతకు ముందు కాలపు ఒక పొర కోటింగ్ సరుకు. అందులో ఏడు గాజులు, ఆరు గుంపులు, అంటే గాలికి తగిలే ఉపరితలాలు 12. హేలియోస్‌లో ఆరు గాజులు నాలుగు గుంపులు, ఉపరితలాలు 8. ఇన్నింటి మధ్య అటూ ఇటూ తిరిగిన వెలుగు చివరికి సెన్సర్ మీద పల్చటి తెల్ల ముసుగులా పరుచుకుంటుంది. నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు వస్తుంది. ముందు ఫిల్టర్ బిగిస్తే ఆ లెక్కకి ఇంకో రెండు ఉపరితలాలు కలుస్తాయి.

అయితే పాలిపోయిన ప్రతి ఫొటోకీ తప్పు ఎండదే కాదు. హుడ్ కొనే ముందు మూడు చూసుకో.

మొదట లెన్స్‌ని చీకటి గదిలో పట్టుకుని, అపర్చర్ (లోపల వెలుగు వచ్చే కంత) పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందు నుంచి కాస్త పక్కకి వంగి చూడు. లోపలి గాజు మీద ఆవిరి పట్టినట్టు ఒకే తీరున మసక ఉంటే అది గ్రీజు ఆవిరి. సాలెగూడు దారాల్లా ఉంటే ఫంగస్. ఈ రెండింటికీ హుడ్ చేసేది ఏమీ లేదు, లెన్స్ విప్పి తుడవాల్సిందే. దుమ్ము కణాలు నాలుగు కనిపిస్తే మాత్రం కంగారు పడకు, వాటివల్ల ఫొటోకి ఏమీ కాదు.

రెండోది అడాప్టర్. ఈ సంగతి చాలామందికి తట్టదు. చవక ఎం42 (ఈ లెన్సుల వెనక ఉండే మర రకం) అడాప్టర్ల లోపలి గోడ నల్లగానే ఉంటుంది కానీ మెరుస్తుంది. లెన్స్ బిగించకుండా అడాప్టర్‌ని కిటికీ వైపు పెట్టి గొట్టంలోంచి చూసినట్టు చూడు. గోడ మీద వెలుగు చారలు మెరుస్తుంటే సగం గుట్టు అక్కడే ఉంది. ఎందుకంటే నీ టకుమార్ ఫుల్‌ఫ్రేమ్‌కి, అంటే 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్‌కి, సరిపడా వెలుగు వేస్తుంది, నీ సెన్సర్ అందులో మధ్య భాగమే తీసుకుంటుంది, మిగతాది వెళ్ళి ఆ గోడకి కొట్టుకుంటుంది. మెరుపు లేని నల్ల రంగు పల్చగా పూసినా సరే, వెనక జిగురున్న నల్ల వెల్వెట్ పట్టీ అంటించినా సరే. పట్టీ పోగులు ఊడి సెన్సర్ మీద పడకుండా అంచులు శుభ్రంగా కత్తిరించు.

మూడోది ముందు గాజు. బీచ్‌లో అరగంట నిలబడితే దాని మీద ఉప్పు తుంపర పొరలా పడుతుంది. కంటికి అంతగా కనబడదు, ఎదురెండలో మాత్రం ఫొటో మొత్తం మసకబారుతుంది.

ఇవన్నీ బాగున్నాయనుకో. అప్పుడు బీచ్‌లో ఈ పరీక్ష చెయ్యి. గోపాల్‌పూర్‌లో సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు కాబట్టి మనవాళ్ళ పడవలు, వలలు లాగేవాళ్ళు అందరూ వెలుగుకి అడ్డంగానే ఉంటారు. పడవ నల్లటి పక్కని ఫ్రేమ్‌లో పెట్టు. స్క్రీన్ చూస్తూ, ఎడమ చెయ్యి చాచి అరచేతి నీడ లెన్స్ ముందు గాజు మీద పడేలా మెల్లగా జరుపు. నీడ గాజుని పూర్తిగా కమ్మిన క్షణంలో పడవ పక్క బూడిద నుంచి నలుపుకి తిరుగుతుంది, తారు పూసిన చెక్కల మధ్య సందులు కూడా విడివిడిగా తేలతాయి. చెయ్యి తీస్తే మళ్ళీ ముసుగు. అలా మారితే నీకు కావాల్సింది హుడ్డే. ఏమీ మారకపోతే పైన చెప్పిన మూడింట్లో ఏదో ఒకటి. సూర్యుడు ఫ్రేమ్ లోపలే ఉంటే ఏ హుడ్డూ ఆపలేదు, అది కూడా గుర్తుంచుకో. అప్పుడు పడవ వెనక్కి సూర్యుణ్ణి దాచడమో, ఆ ఫ్లేర్‌నే (లెన్స్‌లో చెదిరిన వెలుగు మచ్చల్నే) ఫొటోలో భాగం చేసుకోవడమో. హేలియోస్‌తో నేను చాలాసార్లు రెండోదే చేస్తాను. ఆ కాషాయం, నీలం వలయాల కోసమే ఆ లెన్స్‌ని వెతుక్కుని కొనేవాళ్ళున్నారు.

ఇక ఏ హుడ్ అన్నది. షాపులో ‘49 ఎంఎం హుడ్’ అని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు, నీ టకుమార్‌కీ హేలియోస్ 44-2కీ ముందు ఉన్నది 49 ఎంఎం మరే (స్క్రూ గాడి) కాబట్టి పడుతుంది కూడా. కానీ మర పట్టడం వేరు, పొడవు సరిపోవడం వేరు. చిన్న లెక్క ఉంది. 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ మూల నుంచి మూలకి 43 ఎంఎం, అందులో సగం 21.6. దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించు: 50కి 0.43. ఏపీఎస్-సీకి సగం సుమారు 14, అంటే 0.28. హుడ్ ముందు గాజు నుంచి ఎంత బయటికి వస్తుందో ఆ పొడవుని దీనితో గుణించి, ముందు గాజు వెడల్పులో సగానికి కలిపితే హుడ్ మూతి వెడల్పులో సగం వస్తుంది. ఎఫ్/1.4 లెన్స్‌కి ముందు గాజు సగం వెడల్పు కనీసం 18 ఎంఎం. అంటే మూతి 58 ఎంఎం ఉన్న గుండ్రటి హుడ్ ఫిల్మ్ కెమెరా మీద 25 ఎంఎం దాకా పొడుగుండొచ్చు, నీ మిర్రర్‌లెస్ మీద 39 దాకా పోవచ్చు. ఇది మరీ అంచు మీద లెక్క, రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గించుకో. చెప్పొచ్చేదేమంటే, 50కి అని అమ్మే పొట్టి హుడ్ నీ డిజిటల్ కెమెరాకి సగం పనే చేస్తుంది. 85కి అని అమ్మే హుడ్ తీసుకుంటే దాదాపు సరిపోతుంది. స్పాట్‌మాటిక్ మీదకి మాత్రం పొట్టిదే.

కొన్నాక సరిచూడటం తేలిక. ఫోకస్ అనంతానికి తిప్పి, అపర్చర్ ఎఫ్/16కి మూసి, మబ్బు పట్టిన ఆకాశాన్నో తెల్ల గోడనో తియ్యి. మూలలు నల్లగా తెగితే హుడ్ పొడుగైంది. అపర్చర్ తెరిచి చూస్తే ఆ కోత మెత్తగా కలిసిపోయి నిన్ను మోసం చేస్తుంది, అందుకే మూసి చూడమంటున్నాను. స్పాట్‌మాటిక్‌లో వ్యూఫైండర్ చూసి నమ్మకు. అది ఫ్రేమ్ మొత్తం చూపించదు, కోత పడ్డ మూల నీకు కనబడకుండా రీలు మీద మాత్రం పడుతుంది.

పూరేకుల్లా కోసిన హుడ్లు అందంగా ఉంటాయి, పాత లెన్సులకి వద్దు. వీటిలో కొన్నింటికి ఫోకస్ తిప్పితే ముందు భాగం కూడా తిరుగుతుంది, రేకు వచ్చి మూలకి అడ్డం పడుతుంది. గుండ్రటిదే మేలు. మడత పెట్టే రబ్బరు హుడ్ ఒకటి సంచీలో పడి ఉంటే మంచిది. రాయగడ నుంచి కోరాపుట్ రైల్లో వెళ్తూ కిటికీ అద్దంలోంచి తీసేటప్పుడు దాని మూతిని అద్దానికి ఆనించి పట్టుకుంటే లోపలి లైట్లూ నీ చొక్కా రంగూ అద్దంలో కనబడవు. ఇనప హుడ్‌తో ఆ పని చేస్తే అద్దం అదురంతా కెమెరాకి ఎక్కుతుంది.

135కి నువ్వు కొనే ముందు ముక్కు దగ్గర రింగుని ముందుకి లాగి చూడు. ఆ కాలపు టెలిఫొటోలకి చాలావాటికి లోపలే జారే హుడ్ ఉండేది. అది సాధారణంగా పొట్టిగా ఉంటుంది. దాని మీద నల్ల చార్ట్ పేపర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి ఆరు సెంటీమీటర్ల దాకా పొడిగించు. పై లెక్క ప్రకారం నీ సెన్సర్‌కి మూతి 60 ఎంఎం ఉంటే చాలు. భేట్నోయి దగ్గర కృష్ణజింకల్ని సాయంత్రపు అడ్డ ఎండలో తియ్యడానికి ఈ కాగితపు గొట్టం ఏ కంపెనీ హుడ్‌కీ తీసిపోదు. లోపలి వైపు మెరవకూడదు, అంతే.

ఇప్పుడు ఫిల్టర్లు. యూవీ సంగతి తేల్చేద్దాం. డిజిటల్ సెన్సర్ ముందు అతినీలలోహితాన్ని ఆపే గాజు ముందే ఉంటుంది, కాబట్టి రంగులో నీకు తేడా ఏమీ రాదు. ఫిల్మ్ మీద, అదీ దేవమాలి లాంటి ఎత్తు మీద, 1,672 మీటర్ల దగ్గర దూరపు కొండలు తీసేటప్పుడు కాస్త ఉపయోగం ఉంది. కాపలాకి పెట్టుకోవచ్చా అంటే, ఉప్పు తుంపరకీ ఎగిరే ఇసుకకీ పెట్టుకోవచ్చు. ఒక పొర పాత కోటింగ్ మెత్తన, ఇసుక మీద పడ్డాక గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఫిల్టర్ గీసుకుపోతే ఇంకోటి కొనుక్కుంటావు. అందుకే గోపాల్‌పూర్‌కీ, రుషికుల్య మొగ దగ్గరికీ ఒక మల్టీకోటెడ్ యూవీ, దాని మీద హుడ్. ఊళ్ళోకి వచ్చాక తీసెయ్.

రాత్రిపూట అయితే తప్పకుండా తీసెయ్. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ యాత్రలో సీరియల్ లైట్ల మధ్య ఘటం ఊరేగింపు తీశావనుకో, ఆకాశంలో లేని దీపాలు పచ్చగా వేలాడుతూ కనిపిస్తాయి. దీపం వెలుగు సెన్సర్‌కి తగిలి వెనక్కి వచ్చి, ఫిల్టర్ చదును గాజుకి కొట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్తుంది. ఫ్రేమ్ నడిమి నుంచి లెక్కేస్తే అసలు దీపానికి సరిగ్గా ఎదుటి వైపున పడుతుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. ఫిల్మ్ కన్నా సెన్సర్ ఎక్కువ మెరుస్తుంది, అందుకే నాన్నగారి రీళ్ళలో లేని ఈ దెయ్యాలు నీకు కనబడతాయి.

పోలరైజర్ మాత్రం కొనదగ్గ ఫిల్టర్. సాఫ్ట్‌వేర్‌లో చెయ్యలేని పని అది చేస్తుంది. రంభ దగ్గర చిలికా నీటి మీద మెరుపు తగ్గించడానికి, వానలు పడ్డాక తప్తపాణి ఘాట్‌లో తడి ఆకుల మీద తెల్ల తళుకు తీసేసి అసలు పచ్చ రప్పించడానికి దానికి సాటి లేదు. సూర్యుడు నీ భుజం పక్కన ఉన్నప్పుడు ఆకాశం మీద దాని ప్రభావం ఎక్కువ, ఎదురుగానో వీపు వెనకో ఉంటే దాదాపు సున్నా. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తింటుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం). నీ డబ్బాలో పాత లీనియర్ పోలరైజర్ దొరికితే పారెయ్యకు, స్పాట్‌మాటిక్‌కి అది బాగానే పనిచేస్తుంది. ఆటోఫోకస్ లేని లెన్స్‌తో నీ మిర్రర్‌లెస్ మీదా ఇబ్బంది ఉండదు. హుడ్‌ని పోలరైజర్ ముందు మరకి బిగించు, అప్పుడు హుడ్ తిప్పితే పోలరైజరే తిరుగుతుంది, వేలు లోపలికి దూర్చక్కర్లేదు. అలా బిగిస్తే హుడ్ కొన్ని మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది కాబట్టి మూలల పరీక్ష మళ్ళీ చెయ్యి.

రంగు ఫిల్టర్లు డిజిటల్‌కి వద్దు. ఎర్ర ఫిల్టర్ పెడితే సెన్సర్‌లో ఆకుపచ్చ, నీలం గళ్ళు దాదాపు చీకట్లో ఉండిపోతాయి, మిగిలిన పావు వంతు గళ్ళతో గరుకు ఫొటో వస్తుంది. రంగులో తీసి తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసుకుంటే ఆకాశాన్ని ఎంత కావాలంటే అంత నల్లగా దించుకోవచ్చు. అవి పుట్టింది ఫిల్మ్ కోసం, అక్కడ వాటి మజా వేరు. పసుపు ఒక స్టాపు తింటుంది, మహేంద్రగిరి మీద మబ్బుల్ని ఆకాశం నుంచి విడదీస్తుంది. నారింజ రెండు స్టాపుల దాకా, ముదురు ఎరుపు మూడు స్టాపులు. స్పాట్‌మాటిక్ మీటర్ లెన్స్ లోంచే చూస్తుంది కాబట్టి పసుపుకి లెక్క అదే సరిచేసుకుంటుంది. ఎరుపుకి మాత్రం నమ్మకుండా, ఫిల్టర్ లేకుండా కొలిచి మూడు స్టాపులు తెరువు. ఫోకస్ రింగ్ పక్కన ఉన్న ఎర్ర గీత ఇన్‌ఫ్రారెడ్ రీలు కోసం, ఎర్ర ఫిల్టర్‌కి దాంతో పనిలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ఫిల్టర్లు తమ రంగుని తేలిక చేస్తాయి. పెళ్ళిలో మంగళస్నానం నాడు పసుపు రాసుకున్న పిల్లని పసుపు ఫిల్టర్‌తో తీస్తే ఆ పసుపు సున్నంలా తెల్లబోతుంది. ఎర్ర ఫిల్టర్‌తో తీస్తే ఇంకా ఘోరం, కుంకుమ బొట్టు నుదుట్లో కలిసిపోయి మాయమవుతుంది, పెదాలు పాలిపోతాయి. తర్వాత పెళ్ళివాళ్ళకి సమాధానం చెప్పుకోవడం నీ వల్ల కాదు. మనుషులకి ఏ ఫిల్టరూ వద్దు, మరీ కావాలంటే లేత ఆకుపచ్చ.

నీ టకుమార్‌కి అసలు పసుపు ఫిల్టర్ అవసరమా అన్నది కూడా చూడు. తెల్ల కాగితం మీద పెట్టి లోంచి చూస్తే టీ డికాషన్ ఛాయ కనిపిస్తుందా? ఏడు గాజుల 50 ఎఫ్/1.4లో థోరియం కలిపిన గాజు వాడారు, ఏళ్ళు గడిచేకొద్దీ అది పసుపెక్కుతుంది. బ్లాక్ అండ్ వైట్‌కి అదే లేత పసుపు ఫిల్టర్‌లా పనిచేస్తుంది కాబట్టి నష్టం లేదు. రంగు ఫొటోలకి ఇబ్బంది అనిపిస్తే ఎల్ఈడీ యూవీ దీపం కింద కొన్ని రోజులు పెడితే చాలావరకు దిగుతుంది. ముందు యూవీ ఫిల్టర్ తీసెయ్యి, లేకపోతే మందు గాజుదాకా చేరదు. ఎండలో పెట్టమని కూడా చెప్తారు. మన వేసవిలో లోపలి గ్రీజు కరుగుతుంది, పైగా లెన్స్ సూర్యుణ్ణి ఒక చుక్కలో పోగుచేసి కిటికీ కర్టెన్ అంటించగలదు. దీపమే నయం. ఆ గాజుకి రేడియోధార్మికత కొద్దిగా ఉంటుంది, ఫొటోలు తియ్యడానికి భయపడక్కర్లేదు, గాజుని గీకడం అరగదియ్యడం మాత్రం చెయ్యకు.

డబ్బాలో ఫిల్టర్లు వేరే వేరే సైజుల్లో ఉంటే కంగారు పడకు. 135 మర సైజుని బట్టి 49కి 52, లేదా 49కి 55 స్టెప్‌అప్ రింగ్ (చిన్న మర లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ బిగించేది) తీసుకుంటే ఒకే పోలరైజర్ మూడు లెన్సులకీ తిరుగుతుంది. పెద్ద లెన్స్‌కి చిన్న ఫిల్టర్ బిగించే రింగులూ అమ్ముతారు, అవి మూలలు కొరుకుతాయి, వద్దు. మర అసలే లేని ఉత్త గాజు బిళ్ళలు ఇనప చట్రంలో కనిపిస్తే అవి సిరీస్ ఫిల్టర్లు. లెన్స్‌కి ఒక రింగు, దాన్లో బిళ్ళ, పైన ఇంకో రింగు బిగించి వాడేవారు. రింగులు లేకుండా బిళ్ళలు మాత్రమే ఉంటే వాటికోసం వెతుకులాట అనవసరం. ఫిల్టర్‌ని కూడా టార్చితో చూడు. వాన రోజుల్లో ఫిల్టరూ మూతా బిగించి తోలు కేసులో పెట్టేస్తే మధ్యలో చిక్కిన తేమతో ఫంగస్ ముందు ఫిల్టర్ లోపలి వైపే మొదలవుతుంది. ఫిల్టర్లు తీసేసి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో లెన్సులు పెట్టు. తోలు కేసు గోడకి తగిలించుకో, చూడ్డానికి బాగుంటుంది.

చివరికి 135 మీద బిగుసుకున్న ఫిల్టర్. చాలామంది వేళ్ళతో గట్టిగా నొక్కి తిప్పుతారు. నొక్కేకొద్దీ ఆ పల్చటి అల్యూమినియం రింగు కోడిగుడ్డు ఆకారానికి వచ్చి మర ఇంకా గట్టిగా పట్టేస్తుంది. నొక్కకుండా తిప్పాలి. పాత హవాయి చెప్పు శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అడుగు భాగం పైకి పెట్టి బల్ల మీద ఉంచు. లెన్స్‌ని బోర్లించి ఫిల్టర్ రింగు అంచు మొత్తం రబ్బరుకి సమంగా ఆనేలా పెట్టు, ఫిల్టర్ గాజు ఉబ్బి రబ్బరుకి తగలడం లేదని చూసుకో. కిందికి కాస్త బరువు పెట్టి లెన్స్ బారెల్‌ని తిప్పు. బోర్లా ఉంది కాబట్టి దిక్కు విషయంలో తికమక పడతావు. పైనుంచి చూస్తే లెన్స్‌ని గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురు దిక్కులో తిప్పాలి. ముందు భాగం ఫోకస్‌తో పాటు తిరిగే రకమైతే ఫోకస్‌ని ఆ దిక్కులో చివరిదాకా తిప్పి ఆపాకే బలం పెట్టు, లేకపోతే హెలికాయిడ్ (లోపలి ఫోకస్ మర) మీద భారం పడుతుంది. దీనికీ రాకపోతే ఫిల్టర్ రెంచీలు రెండు ప్లాస్టిక్‌వి దొరుకుతాయి, ఒకటి ఫిల్టర్‌కి, ఒకటి లెన్స్ మూతి రింగుకి. ఊడాక మర మీద మెత్తటి పెన్సిల్ ముక్కుతో ఒక చుట్టు గీసి, పాత టూత్‌బ్రష్‌తో అదనపు పొడి దులిపెయ్. రింగు అంచు సొట్ట పడటం వల్లే బిగుసుకుందని తేలితే మాత్రం రెంచీ పెట్టకు, ఆ సొట్ట ఉన్న వైపు ఫొటో ఒకటి తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.